వీసాలన్నీ ఇంటి దగ్గరే తీసుకోవాలా, పోతా పోతా తీసుకోవాలా: ఏది మేలు?

“నాలుగైదు దేశాలు ఒకే విడతలో చూసి రావాలనుకుంటున్నాం. వీసాలన్నీ బయల్దేరే ముందే తీసుకోవాలా, పోతా పోతా తీసుకోవచ్చా? ఏజెంటుకు అప్పజెప్పేస్తే ఎట్లా ఉంటుంది?” అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి ఈమధ్య పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. రిటైరైన దంపతులు అడుగుతున్నారు, ఉద్యోగం మారే సందులో మూడు నాలుగు నెలలు చిక్కిన కుర్రాళ్లూ అడుగుతున్నారు. స్లాటు అంటే వీసా కేంద్రంలో దొరికే అపాయింట్‌మెంటు అని గుర్తుంచుకుంటే చాలు. నేరుగా విషయంలోకి పోదాం.

చాలామంది దీన్ని ఖర్చు చూసి తేల్చుకోవాలనుకుంటారు. ఫీజులు ఎక్కడ కట్టినా దాదాపు అంతే. తేల్చేవి వేరే రెండున్నాయి. మీకున్నది ఒక్కటే పాస్‌పోర్టు. ఒక దేశం వీసా కోసం లోపలికి పోయిందంటే, తిరిగి చేతికొచ్చేదాకా మరో స్టిక్కర్ వీసా (పాస్‌పోర్టు పేజీ మీద అంటించే వీసా) పని ముందుకు కదలదు. రెండోది గడువు. మరీ ముందు తీసుకున్న వీసా వాడకుండానే మురిగిపోతుంది. మొదటిది తొందరగా మొదలుపెట్టమంటుంది, రెండోది తొందరపడొద్దంటుంది. ఈ రెండింటి మధ్య మీ రూటు ఇముడుతుందా లేదా అన్నదే అసలు లెక్క.

ముందుగా పోతా పోతా తీసుకునే పద్ధతి చూద్దాం, ఎందుకంటే వినడానికి అదే బాగుంటుంది. ఈ-వీసా, అంటే ఆన్‌లైన్‌లోనే అప్లై చేసి తెప్పించుకునే వీసా ఇచ్చే దేశాల వరకు నిజంగానే బాగుంది. వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తున్నారు, ఒక్క ఎంట్రీకి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా పోయి రావాలంటే 50 డాలర్లు. ఇండోనేషియా ఆన్‌లైన్‌లోనే 30 రోజులకు ఇస్తుంది, అక్కడికి పోయాక ఇంకోసారి పొడిగించుకోవచ్చు. కజక్‌స్తాన్‌లో మనవాళ్లకు 14 రోజుల దాకా వీసాయే అక్కర్లేదు. వీటికి పాస్‌పోర్టు పుస్తకం ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఫోన్‌లో స్కాన్ కాపీ ఉంటే చాలు. ఒక ఊళ్లో కూర్చుని తర్వాతి ఊరి వీసా తెప్పించుకోవచ్చు. ఇక్కడ జరిగే తప్పులు చిన్నవే గానీ డబ్బు పోతుంది: పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తారుమారవడం, ఇంటిపేరును పేరు గడిలో కొట్టడం, వియత్నాం ఫారంలో ఏ విమానాశ్రయంలో దిగుతారో తప్పు రాయడం. కట్టిన ఫీజు తిరిగి రాదు, మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాల్సిందే. గూగుల్‌లో పైన కనపడే సైట్లు చాలావరకు బ్రోకర్లవి. అడ్రసు చివర ‘.gov.vn’, ‘.go.id’ లాంటి ప్రభుత్వ ముక్క ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి.

స్టిక్కర్ వీసాల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి కుప్పకూలుతుంది. షెంజెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే ఇటలీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాల) కాన్సులేట్లు మామూలుగా తామున్న దేశంలో నివాసం ఉన్నవాళ్ల అప్లికేషన్లే తీసుకుంటాయి. టూరిస్టుగా బ్యాంకాక్‌లో ఉండి అక్కడ ఇటలీ వీసా అడిగితే, మీ దేశంలోనే ఎందుకు అడగలేదో గట్టి కారణం చూపించాలి. ఊరికే ప్లాను మారింది అంటే చెల్లదు. అమెరికా 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలో గానీ నివాసం ఉన్న దేశంలో గానీ ఇంటర్వ్యూ తీసుకోమంటోంది. ఒకవేళ బయటి దేశంలో మీ అప్లికేషన్ తీసుకున్నా, పాస్‌పోర్టు మూడు వారాలు వాళ్ల దగ్గరుంటే మీరు ఆ దేశం దాటలేరు, అక్కడ ఉండే మీ గడువేమో కరుగుతూ ఉంటుంది. బ్యాంకు స్టాంపు వేసిన స్టేట్‌మెంటు కావాలంటే మీ బ్రాంచి కర్నూలులో ఉంటుంది, మీరు హనోయ్‌లో ఉంటారు.

కాబట్టి స్టిక్కర్లు ఇంటి దగ్గరే. ఇందులో సందేహం పెట్టుకోవద్దు. అయితే “అన్నీ ఇంటి దగ్గరే” అనుకునేవాళ్లు తట్టుకుని పడే చోటు ఒకటుంది, అది కొంచెం నిదానంగా చూడాలి.

షెంజెన్ వీసాకు ప్రయాణ తేదీకి 6 నెలల కంటే ముందు అప్లై చేయనివ్వరు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పోవచ్చు. ఇప్పుడు మీ రూటులో యూరప్ చివరన, అంటే బయల్దేరిన 120వ రోజున ఉందనుకోండి. ఆరు నెలలంటే సుమారు 180 రోజులు. అంటే బయల్దేరడానికి 60 రోజుల ముందు నుంచే అప్లై చేయడం కుదురుతుంది. పాస్‌పోర్టు ఎంత ఆలస్యమైనా బయల్దేరే నాటికి చేతిలో ఉండాలంటే 45 రోజుల ముందు ఇచ్చేసి ఉండాలి. మిగిలింది 15 రోజుల సందు. ఆ రెండు వారాల్లోనే స్లాటు దొరకాలి. వేసవి సెలవుల సీజను అయితే అది లాటరీయే. యూరప్ 150వ రోజున ఉంటే సందు అసలే లేదు: 30 రోజుల ముందు మాత్రమే అప్లై చేయగలరు, 45 రోజులు పట్టిందంటే విమానం పోయాక వీసా వస్తుంది.

అదే యూరప్‌ను మొదట పెట్టుకుంటే? బయల్దేరడానికి 180 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందు దాకా ఎప్పుడైనా అప్లై చేయవచ్చు. నాలుగున్నర నెలల వెసులుబాటు. తిరస్కరించినా కారణం సరిదిద్దుకుని మళ్లీ పెట్టుకునే టైముంటుంది. అందుకే మా ఓటు దీనికి: స్టిక్కర్ వీసాలు ఇంటి దగ్గర, ఈ-వీసాలు దారిలో, రూటులో యూరప్ మొదట. యూరప్ చివర్లోనే కావాలి అనేవాళ్లు ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసుకుని మధ్యలో ఒకసారి ఇంటికి రావడం తిన్నగా ఉంటుంది.

యూరప్ మొదట పెట్టడానికి ఇంకో లాభముంది. చెల్లుబాటులో ఉన్న షెంజెన్ వీసా ఉంటే మన పాస్‌పోర్టుకు టర్కీ ఈ-వీసా దొరుకుతుంది. జార్జియా, సెర్బియా అయితే వేరే వీసా లేకుండానే రానిస్తాయి. అల్బేనియా కూడా రానిస్తుంది, కాకపోతే మల్టిపుల్ ఎంట్రీ వీసా అయి ఉండాలి, దాన్ని అప్పటికే ఒకసారి వాడి ఉండాలి. కిటుకు తేదీల్లో ఉంది. ఇటలీ, ఫ్రాన్స్ కలిపి 20 రోజులు అడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకు స్టిక్కర్ మీద ‘ఫ్రమ్’, ‘అన్‌టిల్’ తేదీల మధ్య 35 రోజులు కనపడడం మామూలు. ఉండగలిగేది 20 రోజులే, మిగతా 15 రోజులు విమానం అటూ ఇటూ అయితే పనికొచ్చే వెసులుబాటు. టర్కీలో దిగే రోజుకు ఆ ‘అన్‌టిల్’ తేదీ దాటి ఉండకూడదు. అంటే యూరప్ నుంచి నేరుగా ఇస్తాంబుల్, ఆ వెంటనే జార్జియా రాజధాని తిబ్లిసి. మధ్యలో ఇరవై రోజులు ఈజిప్టు చూసొద్దాం అనుకుంటే తలుపు మూసుకుంటుంది. యూరప్‌కు ముందే టర్కీ పోదామన్నా కుదరదు, ‘ఫ్రమ్’ తేదీ ఇంకా రాలేదు కాబట్టి అది చెల్లుబాటులో లేనట్టే.

ఒకే ఎంట్రీ స్టిక్కరు వాడేశాక దాన్ని చూపించి పక్క దేశానికి పోవాలంటే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పేచీ పడే అవకాశముంది. అప్లికేషన్‌లోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. ఎందుకు కావాలో కవర్ లెటర్‌లో రూటుతో సహా రాయండి. గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి మన దేశస్థులకు ఉంది. మీరు ఆ జాబితాలో ఉంటే పైన చెప్పిన తలనొప్పి సగం మీకు లేదు.

జపాన్ కూడా రూటులో ఉంటే దాన్ని షెంజెన్ తర్వాత, బయల్దేరే ముందు చివర్న తీసుకోండి. వీసా ఇచ్చిన రోజు నుంచి 3 నెలల్లోపు అక్కడ అడుగు పెట్టాలి. యూరప్, టర్కీ, జార్జియా రెండు నెలల్లో ముగించుకోగలిగితే ఇముడుతుంది, లేదంటే ఈ విడతకు జపాన్‌ను వదిలేయడమే మేలు.

ఇక కాగితాలు. వీటన్నిటికంటే ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ తీసి చూడండి. మన వైపు చాలా పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది. ఆధార్‌లో చూస్తే ‘కె. లక్ష్మీదేవి’, బ్యాంకులో ‘లక్ష్మీదేవి కె’. ఒంటి పేరు పాస్‌పోర్టుల మీద విజిట్ వీసాలకు యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది. దుబాయ్‌లో ఒకరోజు ఆగి పోదామనుకున్నవాళ్లకు అక్కడే చుక్కెదురవుతుంది. మిగతా దేశాల్లో ఆంక్ష లేకపోయినా, టికెట్టు మీద పేరు ఒక రకంగా, ఈ-వీసా మీద ఇంకో రకంగా పడి ఇబ్బంది పెడుతుంది. సర్‌నేమ్ విడగొట్టి రీ-ఇష్యూ చేయించుకోవాలంటే అది మొదటి వీసాకు ముందే జరగాలి, ఎందుకంటే పుస్తకం మారితే నంబరు మారుతుంది. ఎట్లాగూ చేయిస్తున్నారు కాబట్టి 36 పేజీల దానికి 1,500 కట్టే బదులు 2,000 కట్టి 60 పేజీలది తీసుకోండి. షెంజెన్‌కే రెండు ఖాళీ పేజీలు కావాలి.

డబ్బు కాగితాల్లో ఉద్యోగులకు పెద్ద చిక్కు లేదు: పే స్లిప్పులు, ఫారం 16, సెలవు మంజూరు లేఖ. ప్రభుత్వ ఉద్యోగులకు, టీచర్లకు శాఖ నుంచి అనుమతి రావడానికే ఎక్కువ టైము పడుతుంది, అది స్లాటు కంటే ముందే పెట్టుకోవాలి. చిక్కంతా సేద్యం మీద బతికేవాళ్లకు. ఆదోని యార్డులో పత్తి అమ్మిన డబ్బో, శెనక్కాయల డబ్బో ఒకేసారి ఖాతాలో పడుతుంది. అది అప్లికేషన్‌కు వారం ముందు పడిందంటే, చూపించడానికి ఎవరి దగ్గరో తెచ్చి వేశారనుకుంటారు. ఆ జమ పక్కనే యార్డు తక్‌పట్టీ (అమ్మకం రసీదు) పెట్టండి, తేదీ, మొత్తం కలవాలి. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ లాంటి భూమి కాగితాలు కూడా పెట్టండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, నోటరీ ఉండాలి. సేద్యం ఆదాయానికి పన్ను లేదు కదా అని రిటర్ను వేయనివాళ్లు ఏడాది ముందే వేయడం మొదలుపెడితే మంచిది. సేద్యం ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, వేరే ఆదాయం, వ్యాపారం లేకపోతే ఐటీఆర్-2లో మినహాయింపు ఆదాయం కింద చూపాలి.

ఇన్సూరెన్స్ షెంజెన్‌కు కనీసం 30,000 యూరోల కవరేజితో ఉండాలి. ఏ దేశం కాన్సులేట్‌కు అప్లై చేయాలన్నది ఎక్కడ ఎక్కువ రాత్రులుంటారో దాన్ని బట్టి ఉంటుంది, రాత్రులు సమానమైతే మొదట దిగే దేశం. స్లాటు దొరికిందని ఇంకో దేశానికి పెట్టి, హోటల్ బుకింగులు వేరేగా చూపిస్తే తిరస్కరణ కొని తెచ్చుకున్నట్టే. ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 35 × 45 మిల్లీమీటర్లు. స్టూడియోలో ఊరికే “పాస్‌పోర్టు సైజు” అంటే నీలం బ్యాక్‌గ్రౌండ్‌తో చేతిలో పెట్టేస్తారు, ముందే చెప్పండి.

ఏజెంటు సంగతి. ఫారాలు నింపడానికి, స్లాటు కోసం కాపు కాయడానికి పనికొస్తారు, అంతే. నిర్ణయం మీద వాళ్ల చెయ్యేమీ ఉండదు. ఇవ్వదలచుకుంటే ఫారంలో మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరే పెట్టించండి. లేదంటే కాన్సులేట్ అడిగిన అదనపు కాగితం సంగతి మీకు తెలిసేలోపు గడువు అయిపోతుంది. “బ్యాలెన్స్ మేం చూపిస్తాం” అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. దొంగ స్టేట్‌మెంటు దొరికితే ఆ మచ్చ తర్వాతి అప్లికేషన్లన్నిటికీ అంటుకుంటుంది.

హైదరాబాదా, బెంగళూరా అంటే కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. కడప వాళ్లు ఎటు స్లాటు దొరికితే అటు. అయితే కొన్ని దేశాలు పాస్‌పోర్టులోని చిరునామాను బట్టి కేంద్రాన్ని కేటాయిస్తాయి, ఆంధ్ర చిరునామాతో బెంగళూరులో తీసుకుంటారా లేదా ఆ దేశం పేజీలో చూశాకే టికెట్టు తీసుకోండి. పాస్‌పోర్టు కొరియర్‌లో ఇంటికి పంపే సేవకు డబ్బు కట్టేయండి, రెండోసారి పోయొచ్చే బస్సు చార్జీ కంటే అదే నయం.

రూటులో కెన్యా లాంటి ఆఫ్రికా దేశం ఉంటే ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. టీకా వేశారని ఇచ్చే పసుపు కార్డు లేకుండా అటు నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో వేయించుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వీసా పనికి పోయినప్పుడే దీన్నీ కలుపుకోవచ్చు, కాకపోతే టీకా వేసే రోజులు ముందే కనుక్కుని పోండి.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలకు ఇస్తారు, ఏడాది పనికొస్తుంది. యూరప్‌లో కారు అద్దెకు తీసుకోవాలంటే దగ్గర ఉంచుకోండి. వియత్నాంలో మాత్రం అది చెల్లదు. మనది 1949 ఒప్పందం కింద ఇచ్చే పర్మిట్, వాళ్లు 1968 ఒప్పందం దాన్నే ఒప్పుకుంటారు. బైకు అద్దెకిచ్చేవాడు ఏమీ అడగకుండానే తాళం చేతిలో పెడతాడు గానీ, పడి కాలు విరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఆ పర్మిట్టే.