సీఎంసీ పొడి: బో చెవులు నిలబెడుతుంది, వైజాగ్ వానాకాలంలో తప్ప

కేకు మీద పెట్టే చక్కెర బోకు, అంటే రిబ్బను ముడి ఆకారపు అలంకారానికి, అందమంతా రెండు పక్కలా లేచే చెవుల్లోనే ఉంటుంది. లోపల గుల్లగా ఉండి, ఇప్పుడే ఎవరో సిల్కు రిబ్బను ముడివేసి వెళ్లినట్టు అవి లేచి నిలబడాలి. ఉత్త ఫాండెంట్‌తో, అంటే కేకుల మీద కప్పే మెత్తటి చక్కెర ముద్దతో చేసిన చెవులు, లోపల ఎంత దూది కుక్కి ఆరబెట్టినా, దూది తీసిన కాసేపటికి చతికిలబడేవి. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి వచ్చాక ఆ బాధ తీరింది. నా బేకింగ్ సామానులో ఎన్నో మారాయి గానీ, ఈ చిన్న డబ్బా అయిపోకముందే ఇంకొకటి తెచ్చుకుంటున్నాను.

ఇది కొత్త వింతేమీ కాదు. ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వేసే పదార్థమే, ప్యాకెట్ల మీద ఐఎన్‌ఎస్ 466 అన్న సంఖ్యతో కనిపించేది. పావుకిలో ఫాండెంట్‌కు ఒక టీస్పూను, అంచుకు సమంగా గీసి వేస్తే చాలు. చేతికి కాస్త డాల్డా రాసుకుని పిసికి, గాలి తగలకుండా కవరులో చుట్టి ఉంచితే కొంతసేపటికి ముద్ద బిగుస్తుంది. పూర్వం ఇదే పనికి వాడిన ట్రాగకాంత్ అనే మొక్క బంకయితే ముద్దను రాత్రంతా వదిలేయాల్సి వచ్చేది.

నాకు ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. ముద్దను రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పట్టీలుగా కోసి, రెండు కొసలూ నడిమికి మడిచి, అక్కడ వేళ్లతో కుచ్చిళ్లు పట్టాలి. చెవుల్లో టిష్యూ చుట్టలు దూర్చి, మొక్కజొన్న పిండి చల్లిన పళ్లెంలో పక్కకు వాల్చి పెట్టాలి. మర్నాడు చుట్టలు లాగేసి గోటితో తడితే టక్కుమంటుంది. ఆ చప్పుడు కోసమే ఈ బో పని చేస్తానంటే నమ్మండి.

అయితే, మర్నాడు అన్నది మార్చి, ఏప్రిల్ సంగతి. మాది వైజాగ్. వానలు మొదలయ్యాక రెండో రోజూ లోపలి మడత మెత్తగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు అదే కంపెనీ డబ్బాతో చేస్తే వేసవిలో రాత్రికి రాత్రే ఎండిపోతాయి. ఆమెకు వేరే తిప్పలు: ఫ్యాను కింద మడిచేలోపే పట్టీ అంచులు పగులుతాయి.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. ఒక పాప మొదటి పుట్టినరోజుకు రెండంతస్తుల కేకు, తెల్లటి విప్పింగ్ క్రీము, పైన ముదురు ఎరుపు బో. ఏసీ గదిలో ఎండి, ఇంట్లో బయలుదేరేటప్పుడు భేషుగ్గా ఉంది. ఫంక్షన్ హాలు వాళ్లు కేకును పెట్టెతో సహా కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో పెట్టారు. కోసే వేళకు తీసి బల్ల మీద పెట్టగానే, సముద్రం వైపు తెరిచిన తలుపుల్లోంచి వచ్చే గాలికి బో మీద సన్నగా చెమట పట్టింది. మొదట మెరిసింది, బాగానే ఉందే అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. కాసేపటికి ఎడమ చెవి కింద ఒక ఎర్రటి చుక్క తేలి, తెల్లటి క్రీము మీదుగా గీత గీసుకుంటూ కింది అంతస్తుదాకా పోయింది. పాప నాయనమ్మ వంగి చూసి, "ఏమ్మా, రిబ్బను ఏడుస్తోందేమిటి?" అన్నారు. ఫొటోలు పూర్తికాకముందే నడిమి ముడి జారి, కుడి చెవి కేకు వెనక్కి పడింది. ముడి అంటించిన జిగురు కూడా సీఎంసీని నీళ్లలో కలిపి చేసిందే మరి.

పట్టు తప్పింది అక్కడే. ఈ పొడి నీటిని పట్టుకుని ముద్దను బిగిస్తుంది. ఎండాక మళ్లీ నీరు తగిలితే దాన్నీ అంతే ఇష్టంగా పట్టుకుని జిగటగా మారుతుంది. పక్కన చక్కెర ఉండనే ఉంది, అది గాలిలో తేమను పిలిచి మరీ కూర్చోబెట్టుకుంటుంది. ఎరుపు ముదరాలని జెల్ రంగు ఎక్కువ పట్టించిన ముద్ద అయితే ఇంకా త్వరగా లొంగుతుంది. డబ్బా మీద ఎండితే ఎంత గట్టిపడుతుందో గొప్పగా రాశారు గానీ, ఎండనివ్వని ఊళ్ల గురించి ఒక్క ముక్క లేదు. నా కినుకంతా దాని మీదే.

ఇప్పుడు బోను కేకుతో పంపడం మానేశాను. అట్టపెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి విడిగా ఇస్తాను. కోసే ముందు పెట్టుకోమంటాను. క్రీముకు ఆనే అడుగుభాగానికి కరిగించిన వైట్ చాక్లెట్ పూస్తే, ఆ కొవ్వు పొర క్రీములోని తడిని కొంతసేపు ఆపుతుంది. ఫాండెంట్ కప్పిన కేకయితే, ఫ్రిజ్ ఎక్కనంతవరకూ, ఇంత హడావుడి అక్కర్లేదు. కానీ మా దగ్గర వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం క్రీము కేకులే.

తినడం సంగతీ చెప్పాలి. పిల్లలు మొదట అడిగేది బోనే. బాగా ఎండిన చెవి పాలపళ్లకు గట్టి. నోట్లో కాస్త బంకగా కూడా అనిపిస్తుంది. చిన్నపిల్లలుంటే ముందే తీసి పక్కన పెట్టమని చెబుతాను.

కొనవచ్చా అంటే, గాలిలో తేమ తక్కువుండే ఊళ్లలో ఉన్నవాళ్లు, ఫాండెంట్ కేకులే చేసేవాళ్లు ఆలోచించకుండా కొనవచ్చు. తీరప్రాంతంలో ఉండి, ఇంట్లో ఏసీ గది లేకపోతే, జులై నుంచి అక్టోబరు దాకా బో ఆర్డరు ఒప్పుకునే ముందు ఒకసారి ఆగండి. నేను ఇప్పటికీ కొన్ని వదులుకుంటున్నాను. ఏదేమైనా, చిన్న డబ్బాయే తీసుకోండి. పెద్దది చవకే, కానీ మూత తీసిన పొడి మా గాలికి గడ్డకడుతుంది, ఆ గడ్డలు ఎంత పిసికినా ముద్దలో కరగవు.