మాంటాగ్ మార్పా, విన్‌స్టన్ మార్పా: ఏది తీస్కుంటే మేలు?

ఈ నెలల ఇదే ప్రశ్న నాలుగోసారి. హన్మకొండల మా ఇంటికి పుస్తకాలు తీస్కపోను వచ్చే పిల్లలల్ల యూనివర్సిటీల ఇంగ్లీష్ ఎంఏ చేసేటోళ్లే ఎక్కువ. "అక్కా, పక్కోళ్ల వల్ల హీరో ఎట్ల మారుతడో రాయాలె, ఫారెన్‌హీట్ 451 తీస్కోవాల్నా, 1984 తీస్కోవాల్నా" అని అడుగుతరు. ప్రతిసారి గడప కాడ నిలబడి చెప్పుడు ఒడుస్తలేదు, అందుకే ఒక్కసారి రాసి పెడుతున్న. కథలు మీకు తెల్సినయే, మళ్ల మొత్తం చెప్ప. 451ల మాంటాగ్ పుస్తకాలు కాలవెట్టే ఫైర్‌మన్, 1984ల విన్‌స్టన్ అందరి మీద కన్నేసి ఉంచే పార్టీ కింద పనిచేసేటోడు, గంతే యాది పెట్టుకోండ్రి.

నేను చూసేది ఒక్కటే. మార్చిన మనిషి పక్కకెల్లి పోయినంక ఆ మార్పు నిలుస్తదా లేదా? మా నాయిన దోస్తు ఒకాయన ఉండె, నేను డిగ్రీల ఉన్నప్పుడు వారం వారం ఇంటికొచ్చి "ఏం చదివినవు బిడ్డా" అని అడిగి ఊకోకపోయేది, "అండ్ల రాసింది నువ్వు నమ్మినవా?" అని కూడ అడిగేది. ఆయన పోయి పదిహేనేండ్లు దాటింది, ఇప్పటికీ ఏ పుస్తకం మూసినా ఆ రెండో ప్రశ్ననే చెవులవడ్తది. అందుకే నా చూపు అటే పోతది.

1953ల వచ్చిన బ్రాడ్‌బరీ నవల 451ల మాంటాగ్ పక్కింటి పిల్ల క్లారిస్ ఉండేది ఎంతసేపు? పదిహేడేండ్ల పిల్ల, కొన్ని దినాలు మాంటాగ్‌తోని నడుస్తది, నువ్వు సంతోషంగ ఉన్నవా అని అడుగుతది, వానల డాండెలియన్ పువ్వు తెచ్చి ఆయన గదవకు రాస్తది, అంతే, మొదటి భాగం ఒడవకముందే మాయమైతది. ఆ కబురు మాంటాగ్‌కు ఎట్ల తెలుస్తదో చూడుండ్రి. పండుకునే యాళ్లకు ఆయన పెండ్లాం మిల్డ్రెడ్, ఆ పిల్లను కారు గుద్దిందట, నాలుగు దినాలాయె, చెప్పుడు మర్చిపోయిన అంటది. నాకు ఆ పేజీ కాడ ప్రతిసారి కడుపుల దేవినట్టైతది.

ఇంకోటి, చానమంది ఇడిసిపెట్టేది. క్లారిస్ మొదటిసారి అడిగి పోయినంక మాంటాగ్ ఇంట్లకొచ్చి నిలబడి హాల్ల వెంటిలేటర్ జాలీ దిక్కు చూస్తడు, దాని ఎనుక ఏమున్నదో గుర్తొచ్చి గబుక్కున చూపు తిప్పుకుంటడు. అండ్ల పుస్తకాలుంటయి. ఏడాది పొద్దు ఒక్కోటి ఒక్కోటి తెచ్చి దాసినయి, ఇరవై దాక, ఎందుకు దాసిండో ఆయనకే తెల్వది. అంటే క్లారిస్ వచ్చి మార్చింది అని రాస్తే సగమే నిజం. లోపట ఉన్నదాన్ని ఆమె కదిలిచ్చింది. ఇగ ఫైర్‌మన్లు పుస్తకాలు కాలవెట్ట వచ్చిన ఇంటి ముసలామె తన పుస్తకాల నడుమ నిలబడి తనే అగ్గిపుల్ల గీసుకున్నంక మాంటాగ్ డ్యూటీకి పోలేక మంచం పడ్తడు. ఆమె ఆయనకు పాఠం చెప్పలే, బతిలాడలే, అయినా అండ్లకెల్లి ఆయన తేరుకోలేడు.

పాత ప్రొఫెసర్ ఫేబర్ కాడ అసలు ముచ్చట వస్తది. చెవుల చిన్న మిషిన్ పెట్టుకొని ఫేబర్ చెప్పినట్టు చేస్తున్న మాంటాగ్, ఒకల దిక్కుకెల్లి ఇంకొకల దిక్కు మారి మళ్ల ఒకలు చెప్పిందే చేసుడైతే ఇగ మారుడెందుకు అంటడు. నా మట్టుకు నవల మొత్తం ఆ మాట మీదనే నిలబడ్డది. ఆఖరుకు క్లారిస్ లేదు, ఫేబర్ బస్సెక్కి పోయిండు, పట్నం కాలిపోయింది, మాంటాగ్ నడుసుడు మొదలుపెడ్తడు, కొంచెంసేపైనంక చూస్తే మిగిలినోళ్లు ఆయన ఎనుక వస్తుంటరు.

1949 నాటి ఆర్వెల్ నవల 1984ల ఇదంత తిరగబడ్తది. విన్‌స్టన్ డైరీ మొదలుపెట్టేది తను ప్రేమించే జూలియాతోని మాట కలవకముందే, అంటే ఈయన లోపట కూడ ముందే ఏదో ఉన్నది. జూలియా ఆయనకు ధైర్యం ఇచ్చింది, ఒళ్లు బాగుచేసింది, గని ఆయన ఆ నిషేధించిన పుస్తకం సదివి ఇనిపిస్తుంటే ఆమె నిద్రపోతది. నిజంగ మార్చేటోడు పార్టీల పెద్ద మనిషి ఓ'బ్రయన్. ఏడేండ్ల నుంచి నిన్ను కనిపెట్టుకుంటనే ఉన్న అంటడు ఆ మనిషి, విన్‌స్టన్‌ను ఆయనంత అర్థం చేసుకున్నోడు నవలల ఇంకొకడు లేడు, భయం కూడ అండ్లనే ఉన్నది. క్లారిస్ ప్రశ్న అడిగి పోయింది, ఓ'బ్రయన్ చేతి నాలుగు వేళ్లు సూపిచ్చి తనకు కావల్సిన జవాబు వచ్చేదాక ఇడిసిపెట్టలే. హింసలు పెట్టే 101 నంబర్ రూంల ఎలుకల బోను మొఖం దాక వచ్చేసరికి విన్‌స్టన్ జూలియాను ముందట పెడ్తడు. తర్వాత హోటల్ల బల్ల మీది దుమ్ముల రెండూ రెండూ కలిపితే ఐదు అని ఏలుతోని రాస్తుంటడు.

కథ కట్టిన తీరు చూస్తే 1984 గట్టి నవల, ఒప్పుకుంట. ప్రేమ, నమ్మకం, పక్కోళ్లు ఇచ్చిన ధైర్యం అన్నీ పీకేయొచ్చని అంత కండ్లగట్టినట్టు సూపిచ్చింది ఇంకోటి నేను సదవలే. గని మీ ప్రశ్న మనిషి ఎట్ల మారుతడు అని. అండ్ల విన్‌స్టన్ మారుడు కన్న విరిగిపోవుడు ఎక్కువ. అందుకే 451 అంట. ఆఖరుకు అడవిల పుస్తకాలను నోటికి పట్టుకున్నోళ్లు వస్తరు కదా, అది సదివినప్పుడల్ల నాకు నిజామాబాద్ జైల్ల గోడ మీద బొగ్గుతోని పద్యాలు రాసిన దాశరథి, అదే జైల్ల ఆయనతోని ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి యాదికొస్తరు. మన దిక్కు పిల్లలకు ఆ అధ్యాయం వేరేగ అర్థం చెప్పాల్సిన పని లేదు.

బ్రేవ్ న్యూ వరల్డ్ ఈ ప్రశ్నకు పనికిరాదు, అండ్ల బయటి లోకంకెల్లి వచ్చే జాన్ వచ్చుడే తయారై వస్తడు. హాండ్‌మెయిడ్స్ టేల్ల హీరోయిన్ దోస్తు మోయిరా కోసం ఒక పేజీ రాయొచ్చు, అంతకంటె ఎక్కువ గుంజొద్దు.

రాసేటప్పుడు క్లారిస్‌తోని మొదలుపెట్టకుండ్రి, ఆ వెంటిలేటర్ జాలీతోని మొదలుపెట్టుండ్రి. 451 నా దగ్గర ఒక్కటే కాపీ ఉన్నది, ఎవరు తీస్కపోయినా వారంల తెచ్చియ్యాలె, ఇంకో ఇద్దరు అడిగి పెట్టిండ్రు.