ఐఆర్‌సీ: ఏళ్ల తరబడి వాడాక

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల చానెళ్లలో, అంటే చాట్ గదుల్లో, చాలా ఏళ్లుగా ఐఆర్‌సీలోనే (ఇంటర్నెట్ రిలే చాట్) ఉంటున్నా. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన చాట్ ఇది, ఆ వయసు కనిపిస్తూనే ఉంటుంది. ఫొటో పెట్టలేం, పంపిన మెసేజ్‌ని దిద్దలేం. ఎంత పాత కంప్యూటర్‌లోనైనా చకచకా నడుస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

అసలు తలనొప్పి హిస్టరీ. మీరు కనెక్ట్ అయి లేనప్పుడు నడిచిన మాటలు మామూలుగా మీకు రావు. కొత్తవాళ్లు వచ్చి ప్రశ్న అడుగుతారు, పది నిమిషాలు చూస్తారు, ఎవరూ పలకలేదని వెళ్లిపోతారు, ఆ సంగతి తెలిసిన మెయింటైనర్ (ప్రాజెక్టు చూసుకునేవాడు) ఏమో వేరే దేశంలో అప్పుడే నిద్ర లేచి చక్కగా జవాబు రాస్తాడు, చదవడానికి అడిగినవాళ్లు ఉండరు. ఇది ఎన్నిసార్లు చూశానో! జెడ్‌ఎన్‌సీ లాంటి బౌన్సర్ (మన బదులు ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండే ప్రోగ్రాం) ఒక సర్వర్‌లో పెట్టుకుంటే మనం లేనప్పటి మాటలు దాచి ఇస్తుంది, కానీ ఒక్క డౌట్ అడగడానికి సర్వర్ నడుపుకోమంటే ఎవరు నడుపుతారు?

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు. ఒక మెసేజ్‌కి హద్దు 512 బైట్లు, అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి మరో 3. కాస్త పెద్ద వాక్యం రాస్తే తెగిపోతుంది, లేదా క్లయింటే (మనం వాడే చాట్ ప్రోగ్రామే) రెండు ముక్కలు చేసి పంపుతుంది.

ఇన్ని ఉన్నా వదలకపోవడానికి కారణం 2021 మే. మా చానెళ్లున్న ఐఆర్‌సీ నెట్‌వర్క్ ఫ్రీనోడ్ ఎవరి చేతిలో ఉండాలన్న గొడవలో సిబ్బంది బయటికొచ్చి లిబెరా.చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టారు. మేం చేసిందల్లా సర్వర్ పేరు మార్చి, నిక్ (చాట్‌లో వాడే పేరు) మళ్లీ రిజిస్టర్ చేసుకోవడం. క్లయింట్ అదే, మనుషులు వాళ్లే. ఒక కంపెనీ యాప్‌లో ఉండి ఉంటే అంత తేలిగ్గా కదిలేవాళ్లం కాదు.

చేరేవాళ్లు పోర్ట్ 6697తో టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) పెట్టుకోండి, లాగిన్‌కి ఎస్‌ఏఎస్‌ఎల్ (కనెక్ట్ అయ్యేటప్పుడే క్లయింట్ లాగిన్ చేసే పద్ధతి) వాడండి. నిక్‌ల రిజిస్ట్రేషన్ చూసే నిక్‌సర్వ్‌కి చేత్తో పాస్‌వర్డ్ పంపేటప్పుడు కమాండ్ మొదట్లో స్లాష్ మర్చిపోతే అది చానెల్ అంతటికీ కనిపిస్తుంది. "ఎవరైనా ఉన్నారా" అనకుండా నేరుగా ప్రశ్న వేయండి, ఎర్రర్ లాగ్ పేస్ట్‌బిన్‌లో (టెక్స్ట్ పెట్టి లింక్ తీసుకునే సైట్) పెట్టి లింక్ ఇవ్వండి, ఆ విండో మూసేయకండి. ఫోన్‌లోనే ఉండేవాళ్లకు మాత్రం మ్యాట్రిక్స్ అనే మరో ఓపెన్ చాట్ వ్యవస్థే నయం, మొజిల్లా కూడా 2020లో అటే వెళ్లింది.