రేషన్ బియ్యం ఓడెక్కకుండా ఏది ఆపుతుంది: నిఘానా, నగదా, సన్నబియ్యమా?

2024 నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ యాంకరేజ్ పోర్టుకు వచ్చి, రేషన్ బియ్యం విదేశాలకు ఎలా పోతోందని అధికారులను నిలదీశారు. పశ్చిమ ఆఫ్రికా వెళ్లాల్సిన స్టెల్లా ఎల్ ఓడను ఆపారు. అందులో 1,320 టన్నులు రేషన్ బియ్యమేనని తేల్చి కిందికి దించారు. డిసెంబరులో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. మంచిదే. కానీ ఈ దందా మొదలయ్యేది సముద్రంలో కాదు, మన వీధి చివర రేషన్ డిపో దగ్గర.

ఈ-పోస్ మెషీన్ మీద వేలిముద్ర పడగానే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "బియ్యం ఇమ్మంటారా, డబ్బులు ఇమ్మంటారా?" కిలోకు పది రూపాయలు అటూ ఇటూగా చేతిలో పడతాయి. ప్రభుత్వానికి అదే కిలో మీద దాదాపు 40 రూపాయలు ఖర్చవుతుంది. ఆ బియ్యం రాత్రికి ఆటో ఎక్కుతుంది, మిల్లులో పాలిష్ పడుతుంది, కొత్త సంచుల్లోకి మారి గోడౌనుకు చేరుతుంది. అక్కడి నుంచి బార్జిల (సరుకు పడవల) మీద, లంగరేసి ఉన్న ఓడకు. ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు చూసీచూడనట్టు ఉండాలి. అవినీతి లేకుండా ఇది ఒక్కరోజు కూడా నడవదు.

నిఘాతో ఆపగలమా? పట్టుకునే పద్ధతి లేకపోలేదు. స్టెల్లా ఎల్ పట్టుబడిన 2024 నాటికి రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు ఉండేవి. రసాయనం చుక్క వేస్తే ఆ గింజ ఎర్రబడుతుంది. ఎన్ని సంచులు మార్చినా ఆ గింజ మాత్రం దొరికిపోయేది. చిక్కంతా కేసు దగ్గర వస్తోంది. నిత్యావసర సరుకుల చట్టం సెక్షన్ 6ఏ కింద జాయింట్ కలెక్టర్ సరుకు జప్తు చేస్తారు. అంతటితో వదిలేస్తే వ్యాపారికి అదొక నష్టం, అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ ప్రకారం వ్యవస్థీకృత నేరానికి అయిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు. కానీ అది నిలబడాలంటే పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు ఉండాలి. ఆటో డ్రైవరును పట్టుకుని, ఎగుమతిదారు పేరు చార్జిషీటులో ఎక్కించకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది. ఇక్కడే నాకు కోపం వస్తుంది.

నగదు సంగతికి వస్తే, మనకు ఉదాహరణ పక్కనే ఉంది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. పుదుచ్చేరి పాలనలో ఉంది కాబట్టి అక్కడ 2015 సెప్టెంబరు నుంచి కేంద్రం బియ్యానికి బదులు ఖాతాలో డబ్బులు వేసింది. బియ్యమే లేకపోతే దొంగ రవాణా ఏముంటుంది అన్నది లెక్క. కానీ బజార్లో ధర పెరిగినప్పుడల్లా ఆ డబ్బు పెరగదు. ఖాతాలో పడింది బియ్యానికే పోతుందన్న భరోసా ఆడవాళ్లకు ఉండదు. చివరికి జనం బియ్యమే కావాలని అడిగి అడిగి, 2024లో పుదుచ్చేరిలో రేషన్ షాపులు మళ్లీ తెరిపించుకున్నారు. ఇంకో మాట. మన గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ) ధాన్యం కొనే పెద్ద దిక్కు ప్రభుత్వమే. రేషన్‌కు బియ్యం అక్కర్లేదంటే ఆ కళ్లాల్లో ధాన్యం ఎవరు కొంటారు? మన జిల్లాలకు నగదు పనికిరాదు.

ఇక సన్నబియ్యం. జనం అమ్ముకుంటున్నది ఆశతో కాదు, ఆ లావు బియ్యం అన్నం తినలేక. ఇడ్లీకో దోసెల పిండికో కొంత వాడి, మిగతాది ఇచ్చేస్తారు. ఐరన్ గింజను చూసి "ప్లాస్టిక్ బియ్యం" అని భయపడి ఏరి పారేసే ఇళ్లూ ఉన్నాయి. అదేమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తెలంగాణ 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ మీద సన్నబియ్యం మొదలుపెట్టింది. బజార్లో కిలో 50 రూపాయలు పెట్టి కొనే బియ్యం ఇంటికే ఉచితంగా వస్తే, పది రూపాయలకు ఎవరు ఇస్తారు? కొందరు అమ్ముతారు, కాదనను. కానీ ఓడ నిండేంత సరుకు పోగవడం కష్టం.

నా ఓటు దీనికే. అయితే దీని బరువు రైతు మీద పడకూడదు. మన సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ, దాళ్వాలో బొండాలు, ఎంటీయూ 1121 లాంటి వరి రకాలు వేస్తారు. దిగుబడి బాగుంటుంది, నేలకు అలవాటైన రకాలు. సన్నాలకు తెగుళ్ల బెడద ఎక్కువ, ముంపు వస్తే కోలుకోవు. తెలంగాణ సన్నాలకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. ఇక్కడ కనీసం అంత ఇవ్వాలి, ముంపు తట్టుకునే సన్న రకాలు మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి రావాలి. బోనస్ ప్రకటన కూడా జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి నారుమళ్లు పోసే ముందే రావాలి. కోతలయ్యాక చెబితే అప్పటికే పొలంలో ఉన్నది స్వర్ణే.