సాయంత్రపు తెలుగు సీరియళ్లు: ప్రేక్షకులు దేన్ని క్షమిస్తున్నారు, దేన్ని క్షమించడం లేదు

తెలుగు వినోద ఛానళ్లలో సోమవారం నుంచి శనివారం వరకూ, సాయంత్రం ఆరు గంటలు మొదలుకొని రాత్రి పది దాకా వరుసగా వచ్చే డైలీ సీరియళ్ల ప్రస్తావన ఏ ఇంట్లో వచ్చినా మొదట వినిపించే మాట ఒక్కటే: "ఇలా ఎక్కడైనా జరుగుతుందా?" అసలు సీరియల్ చూడనివారు కొట్టిపారేయడానికి ఆ మాట అంటారు కనుక దానికి అంత విలువ ఇవ్వనక్కరలేదు. రోజూ చూసేవారు అన్నప్పుడు మాత్రం శ్రద్ధగా వినాలి. వారు ఆ పాత్రలతో ఏళ్ల తరబడి కలిసి బతికినవారు, రేపు కూడా అదే సమయానికి టీవీ ముందు కూర్చునేవారు. స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీలలో వచ్చే సీరియళ్లను క్రమం తప్పకుండా చూసే బంధువుల, ఇరుగుపొరుగువారి మాటలు విన్న మీదట, వాటితో పాటు నేను చూసినవాటిని కూడా కలుపుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసినది ఏమిటంటే, సీరియళ్ల మీద బయటివారు వేసే నిందల్లో చాలావాటిని రోజూ చూసే ప్రేక్షకులు అసలు పట్టించుకోరు. హాలులోంచి రెండు వైపులా మెట్లున్న భవంతి, నిద్ర లేచేసరికే ఒంటి మీద పట్టుచీర, మెడలో నాలుగు పేటల హారం, ఎవరో ఒక్క మాట అనగానే గదిలో ఉన్న ఆరుగురి ముఖాలనూ వంతులవారీగా చూపిస్తూ వినిపించే ఉరుము శబ్దం, ఇవేవీ వారికి అడ్డు కావు. పౌరాణిక నాటకంలో రాజు యుద్ధరంగం మధ్య నిలబడి తీరికగా రాగం తీసి పద్యం పాడితే ప్రేక్షకులు అది అసహజమని లేచి వెళ్లలేదు, పైగా వన్స్‌మోర్ అడిగి మళ్లీ పాడించుకున్నారు. సీరియల్ ఆడంబరాన్ని కూడా ఆ ప్రక్రియకు అలవాటైన అలంకారంగానే వారు స్వీకరించారు. మా పక్క ఇంట్లో పనిచేసే ఆవిడ ఈ సంగతిని ఎంతో స్పష్టంగా చెప్పింది: "ఇల్లు ఎంత పెద్దదైతే మనకేంటమ్మా, చూడ్డానికి బాగుంటుంది. ఆ పిల్ల నోరు తెరిచి నిజం చెప్పదేం?"

అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. ఒక్క మాటతో తీరిపోయే అపార్థాన్ని నెలల తరబడి సాగదీయడం కోసం మాట్లాడగలిగిన మనిషిని మూగదాన్ని చేయడమే ప్రేక్షకులు క్షమించలేని అవాస్తవికత. కథానాయిక చేతిలో రిపోర్టు ఉంటుంది, ఎదురుగా భర్త ఉంటాడు. ఆమె "అది కాదండీ..." అని మొదలుపెడుతుంది, అతడు చెయ్యెత్తి "ఇంకేం చెప్పకు" అంటాడు, ఆమె కళ్లనిండా నీళ్లతో ఆగిపోతుంది, ఎపిసోడ్ అయిపోతుంది. మర్నాడు ఆ రిపోర్టు టేబుల్ మీదే ఉన్నా ఇంట్లో ఒక్కరైనా దాన్ని తెరిచి చదవరు.

'కార్తీక దీపం' విషయంలో జరిగినదీ ఇదే. 2017లో స్టార్ మాలో మొదలై 2023 దాకా 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచిన ఆ సీరియల్‌ను ఇంటిల్లిపాదీ అభిమానించారు. మలయాళ మాతృక 'కరుత్తముత్తు'లో నటించిన ప్రేమి విశ్వనాథ్ తెలుగులోనూ కథానాయిక దీప పాత్ర ధరించి, ఆ పాత్రకు గొప్ప గౌరవం తెచ్చారు. అయినా కథలో దీప భర్త, డాక్టరైన కార్తీక్ తన పిల్లల పుట్టుకను ఏళ్ల తరబడి అనుమానిస్తూ ఉంటే, డీఎన్ఏ పరీక్ష అనేది ఒకటుందని ఒక వైద్యుడికి ఎందుకు తోచలేదని ప్రేక్షకులు అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలో కథను ప్రేమించినవారి బాధ ఉంది. దీప పడిన కష్టాన్ని వారు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ కష్టం కొనసాగడానికి చూపించిన కారణాన్ని నమ్మలేకపోయారు.

చట్టం దగ్గరికి వచ్చేసరికి ఈ అవాస్తవికత చిరాకుతో ఆగదు, హాని కూడా చేస్తుందని నా అభిప్రాయం. అమ్మాయి వద్దంటున్నా, స్పృహలో లేకపోయినా, ఎవరో మెడలో తాళి కట్టేస్తే ఇక ఆమె జన్మ అతడికే అంకితమనే కథ ఇప్పటికీ వస్తూనే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ వివాహానికి ఆచార ప్రకారమైన పెళ్లి తంతు జరగాలంటుంది, 12వ సెక్షన్ బలవంతంగానో మోసంతోనో జరిగిన పెళ్లిని, ఆ బలవంతం తొలగిన లేదా మోసం బయటపడిన ఏడాదిలోగా రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు ఇస్తుంది. సీరియల్‌లో ఆ అమ్మాయి తల్లి గాని, చదువుకున్న అన్న గాని, చివరికి కథలోని లాయరు గాని ఈ మాట ఎత్తరు. పెళ్లి ఇలా ఉంటే విడాకులు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతాయి. లాయరు కాగితాలు డైనింగ్ టేబుల్ దగ్గరికి తెస్తాడు, ఇద్దరూ సంతకం పెడతారు, సాయంత్రానికి ఆమె సూట్‌కేసుతో గడప దాటుతుంది. ఒకరినొకరు ఒప్పుకొని విడిపోవాలన్నా ముందు ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి, అర్జీ పెట్టిన తరువాత సాధారణంగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో కోర్టు తొలగించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గాని, డైనింగ్ టేబుల్ దగ్గర విడాకులు ఇవ్వవచ్చని ఏ కోర్టూ చెప్పలేదు.

ఆస్తి విషయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఖాళీ కాగితం మీద పెద్దాయన చేత సంతకం పెట్టించుకోగానే ఇల్లూ కంపెనీ రెండూ విలన్ పేరు మీదికి వెళ్లిపోతాయి. ఇల్లు దానంగా రాసివ్వాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇద్దరు సాక్షులు ఉండాలి, ఫోటోలూ వేలిముద్రలూ ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద ఒక పూట కూర్చున్న ఏ ప్రేక్షకుడికైనా ఇది తెలుసు. ఇక "ఈ ఇంటికి వారసుడు కావాలి" అంటూ మగపిల్లవాడి కోసం నడిచే కథలు సరేసరి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు, 1985 సెప్టెంబర్ 5 నుంచే అమలులోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందుగా ఆడపిల్లకు వాటా రాసిన నేల మీద, ఆడపిల్ల పుట్టిందని ఇంటి పెద్ద కుప్పకూలే దృశ్యాన్ని ఇవాళ చూపించేటప్పుడు, అదే ఇంట్లో ఒక్కరి చేతనైనా ఆ చట్టం సంగతి చెప్పించడం రచయితకు కష్టమేమీ కాదు. అలాంటి పెద్దలు నిజ జీవితంలో ఉన్నారు కనుక వారిని చూపించడంలో తప్పు లేదు, వారికి ఎదురుచెప్పే గొంతు కూడా నిజ జీవితంలో ఉంది.

ఆసుపత్రి దృశ్యాల గురించి ఎక్కువ చెప్పను. నర్సుగా చాలాకాలం పనిచేసి రిటైరైన మా పిన్ని, రోగి ఆక్సిజన్ మాస్కు తనే తీసేసి పేజీన్నర డైలాగు చెబుతుంటే ఐసీయూలో చెప్పులతో నిలబడ్డ పది మంది బంధువులు వింటున్న దృశ్యం రాగానే టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోతుంది, దృశ్యం మారాక వచ్చి కూర్చుంటుంది.

ఇన్ని లోపాలు ఎందుకు ఉన్నాయో న్యాయంగా చూడాలంటే తయారీ పద్ధతిని గమనించాలి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు కనుక, అరగంట స్లాట్‌లో ఇంచుమించు 24 నిమిషాల కథ కావాలి. వారానికి ఆరు ఎపిసోడ్లంటే రెండు గంటలు దాటిన నిడివి, అంటే ప్రతి వారం ఒక సినిమా. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు ప్రతి గురువారం వస్తాయి. రేటింగ్ తగ్గితే అప్పటిదాకా నడుస్తున్న ట్రాక్ ఆపి, కిడ్నాపో కొత్త పాత్రో హడావుడిగా ప్రవేశపెడతారు. ఈ ఒత్తిడిలో రాసేవారికి రిజిస్ట్రేషన్ చట్టం చదివే తీరిక ఎక్కడిదని అడగవచ్చు. దానికి నా జవాబు, ఒక లాయరునూ ఒక డాక్టరునూ వారానికి ఒక గంట కూర్చోబెట్టుకోవడం అంత ఖర్చున్న నిర్మాణానికి భారం కాదు. అంతేకాక, నిజమైన చట్టం కథకు అడ్డు రాదు, మేత అవుతుంది. విడాకుల అర్జీ పెట్టి ఆరు నెలలు ఆగవలసిన భార్యాభర్తల మధ్య ఎన్ని వందల ఎపిసోడ్ల నాటకం ఉంటుందో సీరియల్ రచయితకు నేను చెప్పనక్కరలేదు.

మరి ఇవన్నీ తెలిసిన ప్రేక్షకులు ఎందుకు చూస్తున్నారు? చిన్న విషయాల్లో ఈ సీరియళ్లు చెప్పే నిజం మరెక్కడా దొరకదు కనుక చూస్తున్నారు. పుట్టింటి నుంచి ఫోన్ రాగానే కోడలు పెరటివైపు నడిచి గొంతు తగ్గించి మాట్లాడటం, అత్తగారు ఆ వైపు చూడనట్లు నటిస్తూనే కూర తరిగే చేతిని ఆపడం, భార్యకూ తల్లికీ మధ్య మాట పెరుగుతుంటే మగవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం, అందరూ తిన్నాక మిగిలినదేదో వడ్డించుకునే ఇల్లాలిని ఎవరూ "నువ్వు తిన్నావా" అని అడగకపోవడం, వీటిని ఇంత ఓపికగా, ఇంత దగ్గరగా చూపించే తీరిక రెండున్నర గంటల సినిమాకు లేదు. బెంగాలీ 'శ్రీమొయి' ఆధారంగా 2020లో వచ్చిన 'ఇంటింటి గృహలక్ష్మి'లో కస్తూరి పోషించిన తులసి పాత్రను నడివయసు స్త్రీలు అంతగా తమదనుకోవడానికి కారణం ఇదే. పెద్ద చదువు లేదని సొంత పిల్లల చేతే చులకనకు గురయ్యే తల్లిని చూసి కంటతడి పెట్టినవారికి, అది బెంగాల్‌లో పుట్టిన కథ అన్న ధ్యాసే కలగలేదు.

అయితే రీమేక్ కథ ఇక్కడికి వచ్చాక దానికి ఒక ఊరు ఉండాలి. నేటి సీరియళ్లలో నాకు అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. కుటుంబం ఏ జిల్లాదో మాటను బట్టి తెలియదు. ముఖ్య పాత్రలన్నీ ఒకే రకమైన శుద్ధమైన తెలుగు మాట్లాడతాయి. చాలామంది నటీనటులు కన్నడిగులు కావడం, వారికి వేరొకరు డబ్బింగ్ చెప్పడం ఇందుకు కొంత కారణం కావచ్చు గాని, డబ్బింగ్ చెప్పేవారికి కరీంనగర్ మాటో కడప మాటో శ్రీకాకుళం మాటో రాసివ్వడానికి ఏ అడ్డంకీ లేదు. తెలంగాణ మాటను పనిమనిషికో హాస్యపాత్రకో కేటాయించే పాత అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, అది అక్కడి ప్రేక్షకులను నొప్పించే విషయం. దీప పాత్ర కోసం నటి ముఖానికి నల్లరంగు పూయడం కూడా నాకు ఇదే కోవలోది. రంగు కారణంగా అవమానపడే స్త్రీ కథ చెబుతూ, ఆ రంగు సహజంగా ఉన్న నటిని తీసుకోకపోవడం ఆ కథ చెప్పదలచిన దానికే విరుద్ధం.

పాత సీరియళ్లు ఇంతకంటే నిజంగా ఉండేవని పెద్దవారు తరచు అంటారు. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమినిలో వచ్చిన 'చక్రవాకం', 'మొగలి రేకులు' పేర్లు అప్పుడు తప్పక వస్తాయి. వాటిలోనూ సాగదీత, యాదృచ్ఛిక సంఘటనలు ఉన్నాయి గాని, మధ్యతరగతి ఇళ్లు మధ్యతరగతి ఇళ్లలాగా ఉండేవి, పాత్రలకు డబ్బు ఇబ్బందులు నిజంగా తగిలేవి. ఇవాళ్టి కథానాయిక నిన్న ఇల్లు వదిలి, ఈరోజు కంపెనీ పెట్టి, రేపటికి కోట్ల ప్రాజెక్టు గెలుస్తుంది. ఆమె అద్దె ఎలా కట్టిందో అడిగే ప్రేక్షకురాలు తన అద్దె తానే కట్టుకునే మనిషి.

ఇప్పుడు వస్తున్నవాటిలో ఏది చూడాలని ఎవరైనా అడిగితే, కొత్తగా మొదలైన సీరియల్‌ను తొలి వంద ఎపిసోడ్ల దాకా నిస్సంకోచంగా చూడమంటాను. మాతృకలోని బలమూ, రచయితల ఉత్సాహమూ ఆ భాగంలోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ తరువాత కథానాయికకు గతం మరుపు రావడమో, చనిపోయిన మనిషి అదే పోలికతో తిరిగి రావడమో జరిగిన వారం అక్కడితో ఆపేయవచ్చు, యాప్‌లో ముందుకు జరుపుతూ చూసేవారు ఆ ట్రాక్ దాటాక మళ్లీ అందుకోవచ్చు. నటన విషయంలో మాత్రం మన సీరియల్ నటీమణులకు, ముఖ్యంగా అత్త పాత్రలు వేసే సీనియర్లకు, పూర్తి మార్కులు ఇస్తాను. రాతలో నిజం లేని చోట కూడా వారి కళ్లలో అది ఉంటుంది. వారికి తగిన రాత రావాలని కోరుకునే లక్షల మందిలో నేనూ ఉన్నాను.