లక్షన్నరకు పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ కొనాలా, అదే కంపెనీ కొత్త ఎంటీ-15 తీసుకోవాలా?

నల్గొండ, మిర్యాలగూడ వైపు నీట్‌గా ఉన్న ఆర్‌ఎక్స్ 100కి లక్ష, లక్షన్నర చెబుతున్నారు. 1996లో తయారీ ఆగిపోయిన బండికి! ఇంకొంచెం కలిపితే షోరూంలో కొత్త ఎంటీ-15 వస్తుంది.

కాగితం మీద అసలు పోటీయే లేదు. ఆర్‌ఎక్స్‌ది 98 సీసీ టూ-స్ట్రోక్, 11 హార్స్‌పవర్. ఎంటీది 155 సీసీ, 18కి పైనే. కానీ ఆర్‌ఎక్స్ బరువు వంద కిలోల చుట్టూ, ఎంటీ నూట నలభై. అందుకే నల్గొండ గడియారం సెంటర్‌లో యాక్సిలరేటర్ తిప్పగానే ముసలిది ఎగిరి దూకుతుంది. మనమిచ్చే రేటులో సగం ఆ చప్పుడుకేనని నా అనుమానం.

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటి దోమలపెంట ఘాట్ దిగుడు మలుపుల్లోకి వెళ్తే కథ మారుతుంది. ఆర్‌ఎక్స్‌కు రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. వెనక మనిషి కూర్చుంటే టెన్షన్ తప్పదు. ఎంటీకి డిస్క్ బ్రేకులు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. మైలేజీలోనూ కొత్తదే మేలు, పైగా టూ-స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోల్‌తో పాటు పోయాల్సిన 2టీ ఆయిల్ ఖర్చు లేదు.

పాతదాని బలమంతా అమ్మేటప్పుడే. ఎంటీ రేటు ఏటా పడుతుంది, ఆర్‌ఎక్స్‌ది పడదు. అయితే ఒరిజినల్ అయితేనే సుమా. ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ బ్లాక్ (సిలిండర్) ఎక్కించి పెయింట్ కొట్టినవి బోలెడు తిరుగుతున్నాయి. హ్యాండిల్ కింద ఛాసిస్ నంబర్‌ను గుడ్డతో తుడిచి ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో కూడా అడగండి.

రోజూ ఆఫీసుకు తిరిగేవాళ్లు ఎంటీ తీసుకోండి. ఇంట్లో ఇంకో బండి ఉంటే ఆర్‌ఎక్స్‌కు లక్ష వరకూ ఓకే, లక్షన్నర మాత్రం నేను పెట్టను.