నడుం నొప్పి తర్వాత పనికి: పూర్తిగా తగ్గాకా, మెల్లమెల్లగానా?

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో నిలబడి తలలు తీసేవాళ్లకీ, మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లకీ నడుం పట్టేస్తే ఇదే టెన్షన్.

డబ్బు: సెలవు పెడితే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా పథకం) అర్హత ఉన్నవాళ్లకి సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పనికెళ్లిన రోజుకి ఆ భత్యం ఉండదు. కాబట్టి సగం పూట వెళ్తే ఎంత ఇస్తారో ముందే తేల్చుకోవాలి. ఈఎస్ఐ లేని ముఠా కూలీకైతే సెలవంటే పస్తే.

కోలుకోవడం: మంచం దిగొద్దని పెద్దవాళ్లంటారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి నగర ఉద్యోగులపై జరిగి, 1995లో వెలువడిన అధ్యయనంలో తేలింది వేరు. రెండు రోజులు మంచం మీదున్నవాళ్ల కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్లే మెరుగ్గా తేరుకున్నారు. రోజువారీ పనంటే 75 కిలోల బస్తా కాదు లెండి!

శ్రమ: సెలవుకి ఒక చీటీ చాలు. మెల్లగా చేరాలంటే మేస్త్రీని ఒప్పించాలి: కూర్చోడానికి స్టూలు, కొన్నాళ్లు తూకం దగ్గర పని, గంటకోసారి నాలుగడుగులు. మాట ఇచ్చిన మేస్త్రీయే లారీ వచ్చి నిలబడగానే "ఒక్క చెయ్యి వెయ్యరా" అంటాడు. ఎంత బరువు ఎత్తొచ్చో డాక్టర్‌తో రాయించుకోండి.

రిస్కు: కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా సెలవా, పనా అన్న లెక్కే వద్దు, వెంటనే ఆసుపత్రికే.

మామూలు పట్టు అయ్యుండి, తేలిక పని దొరికితే ముందే చేరడం మేలు. బస్తాలు తప్ప వేరే పని లేని చోట, ఈఎస్ఐ ఉంటే సెలవే నయం. ఇంట్లో మాత్రం నడుస్తూ ఉండండి.